క్లాసిక్ స్పోర్ట్స్ కార్లకు ఇంట్లోనే గ్యారేజీ: కొలతల నుంచి కారు లోపలికి వచ్చేదాకా

ఆర్కిటెక్టు దగ్గరికి వెళ్ళేముందు మీ కారు చుట్టూ టేపు పట్టండి. బ్రోషర్‌లో ఇచ్చిన పొడవు వెడల్పులు సరిపోవు. అవి తలుపులు మూసి, బానెట్ దించి ఉన్న కారు కొలతలు. మీకు కావలసింది వేరే లెక్క: రెండు తలుపులూ బార్లా తెరిచి, బానెట్ లేపి, డిక్కీ ఎత్తి, పక్కన ఒక మనిషి వంగి పని చేస్తుంటే మొత్తం ఎంత చోటు పడుతుంది?

స్పోర్ట్స్ కార్లలో ఈ రెండు లెక్కలకూ తేడా మరీ ఎక్కువ. 1961లో వచ్చిన జాగ్వార్ ఈ-టైప్‌నే చూడండి. పొడవు 4.45 మీటర్లు, వెడల్పు 1.66 మీటర్లు, ఎత్తు 1.22 మీటర్లు. కాగితం మీద చిన్న కారే. కానీ దాని బానెట్ మామూలు బానెట్ కాదు. ముందు చక్రాల మీది రేకుతో సహా ముందు భాగమంతా ఒకే ముక్కగా ముందుకు ఒరుగుతుంది. మూతిని గోడకు ఆనించినట్టు పార్క్ చేస్తే ఆయిల్ చూడాలన్నా కారును వెనక్కి తోయాల్సిందే. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌దీ ఇదే వరస. మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్ గల్‌వింగ్ తలుపులు పైకి లేస్తాయి. పక్కన చోటు మిగులుతుంది గానీ, పైన వేలాడే లైటు ఉంటే మొదట తగిలేది ఆ తలుపే. లాంబోర్గిని కౌంటాచ్‌లో వెనక ఏముందో కనిపించదు. అందుకే రివర్స్ చేసేటప్పుడు చాలామంది తలుపు పైకెత్తి, కారు అంచు మీద కూర్చుని, తల బయటపెట్టి వెనక్కి చూస్తూ నడుపుతారు. ఆ కారును రివర్స్‌లో లోపల పెట్టాలంటే ద్వారం ఎంత ఎత్తుండాలో ముందే చూసుకోవాలి.

కొలతలన్నీ రాసుకున్నాక ఏదైనా ఖాళీ జాగాలో సుద్దముక్కతో గది గీయండి. అందులోకి కారు తెచ్చి పెట్టి, తలుపు తీసి దిగి, చుట్టూ తిరగండి. ఇరుకు కాగితం మీద కనబడదు, మోకాలికి తెలుస్తుంది.

ఇంకో మాట. నా దృష్టిలో ఇలాంటి గ్యారేజీకి అసలు పరీక్ష ఒకటే: లోపలున్న ఏ కారైనా, ఇంకో కారును కదపకుండా, ఐదు నిమిషాల్లో రోడ్డెక్కగలగాలి. బయటికి తీయడం తలనొప్పి అయితే ఆ కారు మెల్లగా నడవడం మానేస్తుంది. ఇంజన్ సీళ్ళు ఎండిపోతాయి, బ్రేకులు పట్టేస్తాయి, ట్యాంకులో పెట్రోలు పాడవుతుంది. చూపించడానికి కట్టే గది అయినా సరే, నడిచే కారు కోసమే కట్టండి. కింద చెప్పేవన్నీ ఈ పరీక్షకు నిలబడాల్సినవే.

గది ఎంత ఉండాలి

రెండు కార్లు పక్కపక్కనే పెట్టాలనుకుందాం. ఒక్కోటి 1.7 మీటర్ల వెడల్పు, మధ్యలో 1.2 మీటర్లు, రెండు చివర్లా ఒక్కో మీటరు. మొత్తం 6.6 మీటర్లు. లోతుకు కారు పొడవు నాలుగున్నర మీటర్లు, వెనక నడవడానికి ఒక మీటరు, ముందు బానెట్‌కూ మనిషికీ కలిపి 1.2 మీటర్లు, గోడకు పని బల్ల ఉంటే 60 సెంటీమీటర్లు. అంటే 7.3 మీటర్లు. ఇంతకంటే తగ్గితే అది కార్లు పెట్టుకునే గదే అవుతుంది తప్ప చూసుకునే గది కాదు.

ఒకదాని వెనక ఒకటి పెట్టే పద్ధతి స్థలం ఆదా చేస్తుంది, పైన చెప్పిన పరీక్షలో మాత్రం ఫెయిలవుతుంది. స్థలం పొడుగ్గా, సన్నగా ఉండి గత్యంతరం లేకపోతే అరుదుగా తీసే కారును లోపలివైపు పెట్టండి.

చూసే చోటు కూడా ప్లానులోనే గీయండి. స్పోర్ట్స్ కారు అందం ముందు మూల నుంచి ఏటవాలుగా చూసినప్పుడే పూర్తిగా తెలుస్తుంది. పైగా ఈ కార్లు మన నడుముకు కాస్త పైదాకే ఉంటాయి. నిలబడి చూస్తే టాపు కనిపిస్తుంది, కూర్చుంటే ఒంపు కనిపిస్తుంది. అందుకని కారు ముందు మూలకు ఎదురుగా, నాలుగైదు మీటర్ల దూరంలో, రెండు తక్కువ ఎత్తు కుర్చీలు పట్టేంత జాగా వదలండి. గది డిజైన్‌లో ఇంతకంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితమిచ్చేది ఇంకోటి లేదు.

తిరిగే వేదిక, అంటే టర్న్‌టేబుల్, చాలామందికి మోజు. ఈ-టైప్ మూల నుంచి ఎదురు మూలకు దాదాపు 4.75 మీటర్లు వస్తుంది. అది తిరగాలంటే ఐదు మీటర్ల పైచిలుకు వృత్తం ఖాళీగా ఉండాలి, నేలలో గుంట తవ్వాలి, ఆ గుంటలో నీళ్ళు చేరకుండా చూడాలి. ముందు జాగా లేక కారు తిప్పుకోలేని ఇంటికి అది నిజంగా అవసరమే. లేనివాళ్ళు ఆ డబ్బు గాలికీ వెలుతురుకూ పెట్టడం మేలు.

ఎత్తు, లిఫ్టు

కారును పైకెత్తే లిఫ్టు ఇప్పుడు వద్దనుకున్నా ఎత్తు మాత్రం వదులుకోకండి. గోడలు లేచాక అడుగు ఎత్తు పెంచడమంటే కప్పు ఊడదీయడమే.

కారు మీద కారు నిలబెట్టే నాలుగు స్తంభాల లిఫ్టుకు లెక్క ఇలా వేసుకోవాలి. కింది కారు 1.22 మీటర్లు, పైన 10 సెంటీమీటర్ల ఖాళీ, లిఫ్టు పట్టాల మందం సుమారు 15 సెంటీమీటర్లు, పై కారు 1.22, దాని మీద మళ్ళీ 10. మొత్తం దాదాపు 2.8 మీటర్లు. ఇది బొటాబొటీ లెక్క. కప్పు కింద లైట్లు, షట్టర్ పట్టాలు, బీములు కలిస్తే 3.2 మీటర్లు ఉండాలి. కారు కింద నిటారుగా నిలబడి పని చేయాలంటే మూడున్నర దాకా వెళ్ళండి.

ఇక్కడ అందరూ మరిచేది తలుపు. మామూలు సెక్షనల్ డోరు తెరుచుకుంటే పలకలు కప్పు కింద అడ్డంగా పరుచుకుంటాయి, సరిగ్గా లిఫ్టు మీది కారు ఉండాల్సిన చోట. ఆర్డర్ ఇచ్చేటప్పుడే తలుపు గోడ వెంట ఎక్కువ ఎత్తుకు లేచి ఆ తర్వాతే మడత తిరిగే పట్టాలు అడగండి. మోటారు కప్పు మధ్యలో వేలాడేది కాకుండా పక్కన షాఫ్టుకు బిగించేది తీసుకోండి.

లోపలికి దారి

ద్వారం వెడల్పు ఒక కారుకు 2.4 మీటర్లతో కూడా గడిచిపోతుంది. కానీ వర్షంలో, వెనక్కి చూపు ఆనని పాత కారును దూర్చాలంటే మూడు మీటర్లు ఉంటే గుండె నిబ్బరంగా ఉంటుంది.

వెడల్పు కన్నా పెద్ద చిక్కు వాలు. ఈ కార్ల కడుపు నేలకు దగ్గర. సైలెన్సర్ ఇంకా దగ్గర. రోడ్డు మీంచి గ్యారేజీ ఎత్తుకు ఒకే ఏటవాలుగా ర్యాంపు పోస్తే కింద మూతి గీసుకుంటుంది, పైన వాలు విరిగేచోట పొట్ట గీసుకుంటుంది. కారును చదును నేల మీద నిలిపి, ముందు టైరు నేలను తాకే చోటు నుంచి మూతి కింది అంచుకు ఒక చెక్క పట్టీ ఆనించి కోణం చూడండి. వెనక కూడా అలాగే. ఆ కోణం కన్నా ర్యాంపు బాగా తక్కువగా ఉండాలి. ర్యాంపు వాలు 8కి 1 అయితే మొదట్లోనూ చివర్లోనూ రెండున్నర, మూడు మీటర్ల మేర 16కి 1 వాలుతో కలపమని మేస్త్రీకి చెప్పండి. గడప దగ్గర వాననీరు ఆపడానికి రెండు సెంటీమీటర్ల మెట్టు చాలు. దానికి ముందు అడ్డంగా జాలీ మూత ఉన్న కాలువ వేయించండి.

నేల కింద ఏముండాలి

అసలు డబ్బు ఇక్కడే పెట్టాలి, ఎందుకంటే తర్వాత సరిచేయలేని భాగం ఇదొక్కటే. గట్టిపరిచిన కంకర, దాని మీద 250 మైక్రాన్ల పాలిథీన్ షీటు, ఆ పైన కాంక్రీటు. ఆ షీటు అతుకుల దగ్గర ఒకదానిమీద ఒకటి బాగా ఎక్కాలి, టేపు వేయాలి, అంచులు గోడ దాకా పైకి మడవాలి. కూలీలు ఇనుప చువ్వలు లాగుతుంటే చిరుగుతుంది. కాంక్రీటు పోసే ముందు దగ్గరుండి చూడండి. నేలలోంచి చెమ్మ లాగే గచ్చు మీద ఏ కారూ బాగుపడదు.

కార్లు నిలబెట్టడానికి 100 మిల్లీమీటర్ల మందం చాలామటుకు సరిపోతుంది. రెండు స్తంభాల లిఫ్టు అలా కాదు, దాని బోల్టులు కాంక్రీటును పెకలించేలా లాగుతాయి. ఆ చోట 150 మిల్లీమీటర్లు పోయించండి. లిఫ్టు మాన్యువల్లో అంతకన్నా ఎక్కువ అడిగితే అదే ఖాయం. నాలుగు స్తంభాలది దాని బరువు మీదే నిలబడుతుంది, ఇంత పట్టుదల అక్కర్లేదు.

వాటం విషయంలో మేస్త్రీలు అలవాటు కొద్దీ గది మొత్తాన్ని తలుపు వైపు వాల్చేస్తారు. మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున అయినా ఏడు మీటర్ల గదిలో ఆ చివరికీ ఈ చివరికీ ఏడు సెంటీమీటర్ల తేడా వస్తుంది. లిఫ్టుకు అది ఇబ్బంది. ఇంకో కారణం కూడా ఉంది: చాన్నాళ్ళు నిలిపే కారుకు హ్యాండ్‌బ్రేక్ వేసి ఉంచకూడదు, బ్రేకు షూలు డ్రమ్ముకు అతుక్కుపోతాయి. బ్రేకు లేని కారుకు వాలు ఎంత తక్కువైతే అంత మంచిది. కార్లు నిలిచే భాగం రసమట్టానికి పెట్టించి, తలుపు దగ్గరి రెండు మీటర్లకే వాటం ఇప్పించండి. చక్రాలకు చెక్క దిమ్మలు ఎటూ వేస్తారు.

లోపల నేల మధ్యలో డ్రెయిన్ కావాలంటే దాన్ని నేరుగా ఇంటి మురుగు లైనుకు కలపకండి. పెట్రోలు, ఆయిలు అందులోకి వెళ్తే పైపుల్లో ఆవిరి చేరుతుంది. మధ్యలో ఆయిల్ వేరుచేసే ట్యాంకు ఉండాలి. కారు కడగడం బయటే పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు.

కరెంటు పైపులు, లిఫ్టు లైను, కంప్రెసర్ గాలి పైపు, గాలిలో తేమ లాగే డీహ్యుమిడిఫయర్ నీళ్ళు పోయే గొట్టం అన్నీ కాంక్రీటు పోయకముందే వేయించండి. ఎందుకైనా మంచిదని ఒక ఖాళీ పైపు కూడా. తర్వాత ఎప్పుడో మీకే అది పనికొస్తుంది.

పైన వేసే ఫ్లోరింగ్

కొత్త కాంక్రీటు మీద ఎపాక్సీ, అంటే గట్టిపడే రెసిన్ పూత, వేయడానికి కనీసం 28 రోజులు ఆగండి. ఆగినా చెమ్మ పోయిందని నమ్మకండి. 45 సెంటీమీటర్ల చదరపు పారదర్శక ప్లాస్టిక్ ముక్క నేల మీద పరిచి, నాలుగు వైపులా టేపుతో మూసి, ఒక రోజు వదలండి. లేపి చూస్తే అడుగున నీటి బిందువులున్నా, కాంక్రీటు రంగు ముదిరినా ఇంకా ఆగాలి. నేలను మెషీన్‌తో గరుకు చేయకుండా ఎపాక్సీ పూసేవాళ్ళను పనికి పెట్టుకోకండి. అలాంటి పూత వేడి టైరుకు అతుక్కుని పొరలు పొరలుగా లేచి వస్తుంది. ఎండ పడే చోట ఎపాక్సీ పసుపు రంగుకు తిరుగుతుంది, అక్కడ పాలీఆస్పార్టిక్ పూత నిలుస్తుంది.

పోర్సిలిన్ టైల్స్ అందం, శుభ్రం చేయడం సులువు. కానీ కింద ఎక్కడా గుల్ల ఉండకూడదు. జాకు మోపిన చోట బరువంతా అరచేయంత జాగాలో పడుతుంది, కింద డొల్ల ఉంటే టైలు పగులుతుంది. వేశాక ప్రతి టైలునూ నాణెంతో కొట్టి వినండి, బోలుగా మోగింది తీయించండి. ఒకదానికొకటి తగిలించే ప్లాస్టిక్ పలకలైతే పాలీప్రొపిలీన్‌వి తీసుకోండి. మెత్తటి పీవీసీ మీద టైర్లు నిలిచిన చోట గోధుమరంగు మరక పడి మరి పోదు.

రంగు మాత్రం లేత బూడిదే పెట్టుకోమంటాను. నల్లటి మెరిసే నేల ఫోటోల్లో బాగుంటుంది, చుక్కను మాత్రం దాచేస్తుంది. లేత నేల మీద పొద్దున్నే చూస్తే కారు ఏమంటోందో తెలిసిపోతుంది. ముదురు గోధుమ చుక్క ఇంజన్ ఆయిల్. చిక్కగా, ఘాటుగా గంధకం వాసన కొడితే గేరు ఆయిల్. ఆకుపచ్చగా ఉండి తీయటి వాసనొస్తే రేడియేటర్ కూలెంట్. చక్రం లోపలి వైపు నీళ్ళలా ఉండి వేళ్ళకు జారుడుగా తగిలితే అది బ్రేకు ఫ్లూయిడ్. ఆ రోజు కారు తీయకండి, ఆ చుక్క పెయింటును కూడా తినేస్తుంది, వెంటనే కడిగేయండి. పాత బ్రిటిష్ కార్ల వాళ్ళ మధ్య ఒక జోకుంది: కింద ఆయిల్ చుక్క లేదంటే లోపల ఆయిలే లేదని. అలాంటి కార్లకు సన్నటి అంచున్న రేకు ట్రే ఒకటి అడుగున పెడితే సరి.

గాలి: ఈ గది కట్టేదే దీనికోసం

తుప్పుకు వాన అక్కర్లేదు. గాలిలో తేమ 60 శాతం దాటితే ఇనుము మీద దాని పని మొదలవుతుంది. పాత కార్లకు ఈనాటి కార్లలాంటి జింకు పూత చాలామటుకు లేదు, రేకు మడతల్లోకి, బోలు గొట్టాల్లోకి రక్షణ పోసిందీ లేదు. అలాగని మరీ ఎండగట్టినా నష్టమే. 40 శాతం కింద చాలాకాలం ఉంటే తోలు బిగుసుకుని పగులుతుంది, డాష్‌బోర్డు చెక్క పొరలు లేస్తాయి. మోర్గాన్ కార్ల బాడీ లోపల చట్రం ఆష్ అనే చెట్టు కర్రతో చేసిందే, ఆ కర్ర కూడా ఎండితే సడలుతుంది. 45 నుంచి 55 శాతం మధ్య నిలకడగా ఉంచడం లక్ష్యం పెట్టుకోండి. ఒకరోజు 40, ఇంకోరోజు 75 కన్నా రోజూ 55 నయం.

తేమ పోవాలంటే కిటికీలు తెరవాలన్నది మనందరి అలవాటు. ఈ గదిలో అది చాలాసార్లు ఎదురు తంతుంది. బయట 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉందనుకోండి. ఆ గాలి 26 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న దేన్ని తాకినా నీరు కారుస్తుంది. రాత్రంతా చల్లబడ్డ ఇంజన్ బ్లాకు ఇరవై రెండు డిగ్రీల దగ్గర ఉంటుంది, అంత ఇనుము వేడెక్కడానికి గంటలు పడుతుంది. పొద్దున తలుపు బార్లా తెరిస్తే ఇంజన్ మీద, చాసిస్ మీద, రేకు లోపలి వైపు సన్నటి చెమట పడుతుంది. రేకు బయట పడ్డది మీరు తుడుస్తారు, లోపల పడ్డది ఎవరు తుడుస్తారు?

అందుకని గదిని బిగుతుగా కట్టి, తేమను యంత్రంతో తీయించడమే సరైన దారి. గోడలకూ కప్పుకూ ఇన్సులేషన్, తలుపుకు నాలుగు వైపులా రబ్బరు సీలు, తలుపు పలకలు కూడా ఇన్సులేషన్ ఉన్నవి. తర్వాత డీహ్యుమిడిఫయర్. కంప్రెసర్ రకం వెచ్చని గదుల్లో బాగా పనిచేస్తుంది, చలి ఎక్కువైన కొద్దీ దాని పస తగ్గుతుంది. చల్లగా ఉండే గదికి తేమ పీల్చే పదార్థంతో నడిచే డెసికెంట్ రకం కొనండి. నీటి డబ్బా నిండగానే ఆగిపోయేలా వదలకుండా, గొట్టం పెట్టి నేరుగా బయటికి పోనివ్వండి. తడిసిన కారును లోపలికి తెచ్చిన రోజు ఫ్యాను పెట్టి ఆరబెట్టాక తలుపు మూయండి. కారు మీద కవరు వేస్తే గాలి ఆడే బట్ట కవరే వేయండి. ప్లాస్టిక్ కవరు చెమ్మను లోపలే బంధిస్తుంది.

గాలి తెలియాలంటే కొలవాలి. తేమ కొలిచే హైగ్రోమీటర్లు రెండు చాలు. ఒకటి కళ్ళెత్తులో, ఇంకోటి నేల నుంచి చక్రం ఎత్తులో, తలుపుకు దూరంగా ఉన్న మూలలో. రెండోది చెప్పేదే నిజం.

ఇంజన్ ఆన్ చేసినప్పుడు వేరే సంగతి. పాత కార్బురేటర్ ఇంజన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ విపరీతంగా ఉంటుంది, వాసన లేదు, రంగు లేదు. సైలెన్సర్‌కు తగిలించి పొగను బయటికి లాగే, వేడి తట్టుకునే గొట్టం ఒకటి గోడకు బిగించండి. ఎగ్జాస్టు ఫ్యాను స్విచ్చి ద్వారం పక్కనే ఉండాలి. గ్యారేజీలోనూ, దాన్ని ఆనుకున్న ఇంటి గదిలోనూ కార్బన్ మోనాక్సైడ్ అలారాలు పెట్టండి. ఇంజన్ వేడెక్కనివ్వడం లోపల కాదు, బయట.

వెలుతురు

కారు మీద మనం చూసేది రంగును మాత్రమే కాదు, పక్కనున్న వస్తువుల ప్రతిబింబాన్ని కూడా. అందుకే లైటు ఎంత ప్రకాశంగా ఉందన్న దానికన్నా ఎక్కడుందన్నది ముఖ్యం. కారు నడినెత్తి మీద స్పాట్‌లైట్లు పెడితే టాపు మీద తెల్లటి చుక్కలు, పక్కల చీకటి. కారుకు రెండు వైపులా, తలుపు అంచుకు అడుగు అడుగున్నర బయట, కారు పొడవునా సాగే గీత లైట్లు పెడితే ఆ వెలుగు గీత ముందు చక్రం మీది రేకు (ఫెండర్) మీంచి తలుపు దాటి వెనక చక్రం ఒంపు దాకా పారుతుంది. డిజైనర్ గీసిన గీత అప్పుడు కనిపిస్తుంది.

బిగించే ముందు పరీక్షించండి. రాత్రి కారు నిలిపి, ఒక ఎల్‌ఈడీ బ్యాటెన్‌ను కర్రకు కట్టి ఒకరు కప్పు ఎత్తులో పట్టుకుని అంగుళం అంగుళం జరపాలి, మీరు ఆ కుర్చీల చోట కూర్చుని చూడాలి. ప్రతిబింబం తెగకుండా, వంకర లేకుండా పారిన చోట కప్పు మీద పెన్సిల్ గుర్తు పెట్టండి. ఈ మధ్య ప్రతి గ్యారేజీలోనూ కనిపించే తేనెపట్టు ఆకారం లైట్లు నాకు నచ్చవు. గది ఫోటో బాగుంటుంది, కారు ఒంటి మీద మాత్రం ముక్కలైన వలలా పడతాయి. ఫ్రాన్స్‌లోని ములూజ్‌లో ష్లుంఫ్ సోదరుల సేకరణతో ఏర్పడ్డ కార్ల మ్యూజియంలో పారిస్ అలెగ్జాండర్ 3 వంతెన మీది దీపస్తంభాలకు నకళ్ళు వందలుగా వరసలు కట్టి ఉంటాయి. హాలుకు వైభవం వచ్చింది, బుగాట్టీల మీద మాత్రం ప్రతిచోటా గుండ్రటి దీపాల ప్రతిబింబాలే. అంత పెద్ద హాలులో అది చెల్లుతుంది, మన రెండు కార్ల గదిలో చెల్లదు.

రంగు ఉష్ణోగ్రత, అంటే వెలుగు పసుపుగా ఉందా నీలంగా ఉందా చెప్పే అంకె, 4000 కెల్విన్ దగ్గర ఉంటే ఏ కారుకూ అన్యాయం జరగదు. లైటు రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే సీఆర్ఐ అంకె 90కి పైన ఉన్నవే కొనండి. ఎర్ర కారు ఉన్నవాళ్ళు ఇంకో అంకె కూడా అడగాలి, ఆర్9. మామూలు సీఆర్ఐ లెక్కలో ముదురు ఎరుపు ఉండదు. ఆర్9 తక్కువున్న లైటు కింద మంచి ఎరుపు కూడా ఇటుకరంగుకు తిరుగుతుంది. మామూలుగా చూడటానికి వెలుతురు 300 లక్స్ (వెలుతురు కొలిచే ప్రమాణం), పని బల్ల మీద 750 నుంచి 1000. ఈ రెండూ వేర్వేరు స్విచ్చుల మీద, చూసే లైట్లకు డిమ్మర్‌తో ఉండాలి. పనిలైటు కింద కారు ఎప్పుడూ అందంగా ఉండదు, ప్రతి గీతా కనిపిస్తుంది. అది దాని పని.

కిటికీ ఉంటే నేరుగా ఎండ పడని వైపే ఉండాలి. అతినీలలోహిత కిరణాలు ముందు డాష్‌బోర్డునూ, ఆ తర్వాత తోలునూ, టైర్ల పక్కలనూ పట్టుకుంటాయి. లామినేటెడ్ గాజు వాటిని దాదాపు మొత్తం ఆపుతుంది, ఎండ వేడిని మాత్రం ఆపదు.

గోడలు, అలంకరణ

తక్కువ చెప్పి వదిలేస్తాను, ఎందుకంటే ఇది మీ అభిరుచి. రెండే జాగ్రత్తలు. కారు మీద వేలాడే అరలు, సైకిళ్ళు, నిచ్చెనలు వద్దు. నల్ల కారు ఉంటే దాని పక్క గోడ ఖాళీగా ఉంచండి, గోడ మీది ప్రతి పోస్టరూ తలుపు మీద అద్దంలోలా కుడిఎడమలు తారుమారై చదువుకోవాల్సి వస్తుంది. గోడకు మెరుపు లేని మధ్యస్థ బూడిద రంగు వేస్తే వెండి రంగు కారూ నిలుస్తుంది, ఎరుపూ నిలుస్తుంది. తెల్ల గోడ గదిని పెద్దది చేస్తుంది, కారును పలచన చేస్తుంది.

ఇంటి హాలుకూ గ్యారేజీకీ మధ్య గాజు గోడ చాలామంది కల. చేయొచ్చు, కానీ మామూలు గాజుతో కాదు. అగ్నిని తట్టుకునే గాజు, దానికి తగ్గ ఫ్రేము, చుట్టూ ఆవిరి చొరబడని సీలు ఉండాలి. అది తెరుచుకునేది కాకుండా స్థిరంగా ఉండటం మేలు. రాకపోకలకు వేరే తలుపు, దానంతటదే మూసుకునే అగ్నినిరోధక తలుపు పెట్టండి. స్థానిక నిర్మాణ నిబంధనల్లో ఎక్కువ పట్టింపు ఉండేది ఇక్కడే, ప్లాను దశలోనే అడిగి తెలుసుకోండి.

నిప్పు, కరెంటు

పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు. నేల వెంట పారి, పల్లంలో నిలుస్తుంది. అందుకే కారు కింద గొయ్యి తవ్వే పాత పద్ధతి నేను ఎవరికీ చెప్పను, లిఫ్టు పెట్టుకోండి. ప్లగ్ పాయింట్లు, స్విచ్చులు, నిప్పురవ్వ రాగలిగే ఏ పరికరమైనా నేలకు కనీసం 45 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. మంటతో నడిచే వాటర్ హీటరు ఈ గదిలో ఉండనే కూడదు. పాత రబ్బరు పెట్రోలు గొట్టాలను ఇథనాల్ కలిసిన పెట్రోలు మెత్తబరుస్తుంది, పగలగొడుతుంది. గది ఎంత బాగా కట్టినా కారుకు ఆ గొట్టాలు మార్చకపోతే మొదటికే మోసం. అవిసెనూనె అంటిన గుడ్డల్ని ముద్దగా పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. ఇనుప మూత డబ్బాలో వేయండి.

పొగ అలారం కన్నా వేడిని పసిగట్టే అలారం ఇక్కడ నయం, స్టార్ట్ చేసిన ప్రతిసారీ అరవదు. మంట ఆర్పే సిలిండర్లను ద్రాక్షగుత్తిలా అన్నీ ఒకేచోట తగిలించకుండా ఒకటి ద్వారం దగ్గర, ఒకటి ఇంటి తలుపు దగ్గర ఉంచండి. పొడి సిలిండరు మంటను ఆర్పుతుంది గానీ ఆ పొడి తేమతో కలిసి లోహాన్ని తినేస్తుంది. ఇంజన్‌లో చిన్న మంటకు కార్బన్ డయాక్సైడ్, నేల మీద ఒలికిన పెట్రోలుకు నురగ. పెద్ద మంటైతే కారు సంగతి మరిచి బయటికి రండి.

ఒక్కో కారు పక్కన నడుమెత్తులో ఒక్కో ప్లగ్ పాయింటు పెట్టించండి, ఎర్తు లీకేజీ బ్రేకర్ తప్పనిసరి. బ్యాటరీకి ఎప్పుడూ ఒకే కరెంటు పంపే పాత చార్జర్ కాకుండా, నిండగానే తగ్గిపోయే మెయింటెనర్ తగిలించండి. కొనేముందు వోల్టేజీ చూడండి. చాలా పోర్షే 356లు 6 వోల్టులవి. 1960ల మొదట్లో వచ్చిన ఎంజీబీల్లాంటి బ్రిటిష్ కార్లలో పాజిటివ్ వైరు బాడీకి కలిపి ఉంటుంది, అలవాటు కొద్దీ నెగెటివ్ బాడీకి తగిలిస్తే షార్టే. మెయింటెనర్ పెట్టని కారుకు బ్యాటరీ తెంచే స్విచ్చి పెట్టండి.

కారు తెచ్చే ముందు

పెయింటు, ఎపాక్సీ వాసనలు పూర్తిగా పోయేదాకా గది ఖాళీగా ఉంచండి. ఆ రోజుల్లో డీహ్యుమిడిఫయర్ నడిపి, పొద్దున, సాయంత్రం రెండు హైగ్రోమీటర్ల అంకెలు రాసుకోండి. కింది మూలలో 55 దాటుతుంటే ఎక్కడో సీలు వదులుగా ఉంది. రాత్రి లోపల లైటు వేసి బయట నుంచి తలుపు అంచులు చూస్తే వెలుగు కారే చోటు దొరుకుతుంది. ఆరు మిల్లీమీటర్ల సందు చాలు, చిట్టెలుక దూరుతుంది. దూరిందంటే మొదట కొరికేది సీటు లోపలి దూది, తర్వాత వైర్లు. పైపులు గోడ దాటే రంధ్రాలన్నీ ఉక్కు పీచు కూరి మూయండి.

తర్వాత కారు తెచ్చి, ముందు అనుకున్న చోటే నిలిపి, తలుపులు, బానెట్, డిక్కీ ఒక్కొక్కటే తెరిచి చూడండి. అంతా సరిపోయాక ముందు చక్రం నిలిచే చోట నేలకు తక్కువ ఎత్తు రబ్బరు స్టాపర్ బిగించండి. టైర్లలో గాలి మామూలు కన్నా కాస్త ఎక్కువ పెట్టండి, నిలిపిన చోట చదును పడకుండా ఉంటాయి. హ్యాండ్‌బ్రేక్ వదిలి దిమ్మలు పెట్టండి. మెయింటెనర్ తగిలించి, పక్క కారును కదపకుండా ఇది మళ్ళీ బయటికి వస్తుందో లేదో అప్పుడే ఒకసారి నడిపి చూసుకోండి.